పైన తొమ్మిది అంగుళాలు

ఫిబ్రవరి 3

అక్కకి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం లేదు. నీ కుశలం నాకు తెలియదు, నా కుశలం నీకు అక్కర్లేదు. అమ్మ పోయిన ఈ నాలుగేళ్ళలో మన మధ్య నడిచినవి రెండే ఉత్తరాలు, రెండూ ఇంటిపన్ను గురించి. ఇది మూడోది. ఇదీ ఇంటి గురించే.

ఇల్లు బాగుచేయిస్తున్నాను. పడగొట్టి కట్టడం కాదు. నాన్న గీసినప్పుడు ఎలా ఉండేదో అలా. దీన్ని పునరుద్దరణ అంటారట. ఒక ఆర్కిటెక్టు, ముప్పై దాటి ఉంటాయి, వీధిలో పోతూ పోతూ మన ఇంటి ముందు ఆగిపోయి బెల్లు కొట్టింది. ఒకదానికొకటి అతుక్కుని ఉన్న ఎనిమిది ఇళ్ళలో ఏడింటికి పాలరాయీ రంగులూ అద్దాల బాల్కనీలూ వచ్చేశాయి కదా. మనది ఒక్కటే ఇంకా కాంక్రీటు జాలీతో, ఆ నిలువు కిటికీలతో మిగిలింది. "ఇది గీసినాయన ఎవరండీ?" అని అడిగింది. అరవై ఏళ్ళలో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి. లోపలికి రమ్మన్నాను. ఆవిడ నడుముకి ఎప్పుడూ కొలత టేపు వేలాడుతుంటుంది. మేస్త్రీ టేపమ్మ అని పేరు పెట్టాడు, అందరికీ అదే అలవాటైంది.

కిటికీల ఇనప చట్రాలు మార్చడం లేదు. తుప్పు గీకి, విరిగిన పట్టీలు అతికి, మళ్ళీ అవే పెడుతున్నాం. మొజాయిక్ నేల మీద నువ్వు పరిపించిన ప్లాస్టిక్ తివాచీ పీకేశాం. కింద నేల చెక్కుచెదరలేదు. మధ్య అంతస్తులో అమ్మ కట్టించిన అడ్డగోడ తీసేస్తాం. నాన్న అనుకున్నది వీధి కిటికీ నుంచి పెరటి కిటికీ దాకా ఒకటే గది. ఈ చివర నిలబడితే ఆ చివర వెలుతురు కనబడాలి.

ఇల్లు ఇద్దరి పేరునా ఉంది కాబట్టి నీ సంతకం కావాలి. కాగితం జతచేశాను. గుర్తు పెట్టిన చోట పెట్టి పంపు.

ఫోన్ చేయలేదేం అని అడగవనుకుంటాను. ఎందుకో నీకు తెలుసు.

తమ్ముడు


ఫిబ్రవరి 11

తమ్ముడికి ఆశీస్సులు,

చేతి అలవాటు కొద్దీ రాశాను. కొట్టేస్తే కాగితం పాడవుతుందని ఉంచేశాను.

నీ ఉత్తరం ఎర్ర సిరాతో దిద్ది దీంతోపాటే తిప్పి పంపుతున్నాను. మూడు తప్పులు. 'పునరుద్ధరణ'లో ద కింద ధ వత్తు ఉంటుందిరా. పేరే రాయడం చేతకాని పని చేయడానికి బయల్దేరావు. రిటైరయ్యాక కూడా ప్రెస్సువాళ్ళు నన్ను వదలడం లేదు. ఈ వారం భూగోళం పాఠ్యపుస్తకం ప్రూఫులు. ఎవడో ఒక నదిని కొండ ఎక్కించాడు. నిన్న సాయంత్రమంతా దాన్ని దింపడానికే సరిపోయింది. నీ గోడ సంగతి వచ్చేసరికి నా ఓపిక ఆ మాత్రమే మిగిలింది, అందుకని సూటిగా చెబుతున్నాను.

సంతకం పెట్టను.

కిటికీలు గీక్కో. నేల తోముకో. ఆ తివాచీ నువ్వు జారి పడి నడుం పట్టేసినప్పుడు వేయించింది, దాని మీద కూడా నీకు కసి ఉంటే సరే. గోడ జోలికి మాత్రం రాకు. ఆ ఇంట్లో నాన్నకి మూడంతస్తులూ ఉండేవి. అమ్మ అడిగింది మూసుకోవడానికి ఒక తలుపు. ఆ తలుపు వెనక కూర్చుని ఇరవై రెండేళ్ళు నత్తి పిల్లలకి మాట నేర్పింది. పేరు చెప్పమంటే ఏడ్చే పిల్లలు తరగతిలో లేచి నిలబడి పద్యం అప్పజెప్పారు. వాళ్ళు పెద్దవాళ్ళై నాకిప్పటికీ బస్సులో సీటిస్తారు. నాన్న గీసిన గీతలు నీకు కనబడుతున్నాయి గానీ అమ్మ చేసిన పని నీ కళ్ళద్దాల్లోంచి కనబడదు. ఊరందరికీ చూపు సరిచేస్తావు, ఏం లాభం?

వీధిలో పోయే టేపమ్మ వచ్చి ఇల్లు అందంగా ఉందంటే కరిగిపోయావు. ఆ ఇంట్లో కాపరం చేసిన మనిషికి గాలి వెలుతురు కంటే చాటు ముఖ్యమని ఆ పిల్లకి ఎవరు చెబుతారు?

అక్క


ఫిబ్రవరి 19

అక్కకి,

దిద్దిన ఉత్తరం అందింది. చించేశాను.

బస్సులో నీకు సీటిచ్చేవాళ్ళ గురించి రాశావు. తలుపుకి బయట ఎవరుండేవారో నేను రాస్తాను. మెట్ల మీద నేను ఉండేవాణ్ణి. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఖాళీ ఉంటుంది కదా, ఆ ఖాళీలో కాళ్ళు వేలాడేసుకుని. ఏడేళ్ళవాణ్ణి. లోపల్నుంచి అమ్మ గొంతు వచ్చేది. "తొందరేం లేదమ్మా. నీ మాట ఎక్కడికీ పోదు. ఊపిరి తీసుకో, మళ్ళీ మొదలుపెట్టు." అలాంటి గొంతు ఆవిడకి ఉందని నాకు ఆ గోడ ఇవతల్నుంచే తెలుసు. భోజనాల దగ్గర నా వంతు వస్తే, "ఊఁ, త్వరగా చెప్పు, చల్లారిపోతోంది" అనేది. నేను నోరు తెరిచి క దగ్గర ఇరుక్కుంటే నువ్వు "కూర వెయ్యమంటున్నాడు" అని నా మాట లాగేసుకునేదానివి. చాలాసార్లు నేను అడగబోయింది కూర కాదు.

ఊళ్ళో పిల్లలందరి నత్తీ పోగొట్టింది మా అమ్మ. నాది తప్ప. ఒక్కరోజు కూడా నన్ను ఆ గదిలోకి పిలిచి కూర్చోబెట్టలేదు. నిన్ను కూర్చోబెట్టుకుంది. నువ్వు పలక మీద మాటలు రాసి చూపించేదానివి. నీకు నత్తి లేదు మరి.

నేను కళ్ళద్దాల పని ఎందుకు ఎంచుకున్నానో ఎప్పుడైనా అడిగావా? గోడకి అక్షరాల పలక ఉంటుంది. చదవాల్సింది వచ్చినవాళ్ళు. నేను వేలు చూపిస్తే చాలు.

నాన్న ఆ గోడ గురించి ఒక్క మాట కూడా అనలేదు. కట్టిన వారానికే తన బల్ల పై అంతస్తుకి మోసుకుపోయారు. తను గీసిన గదిలో మళ్ళీ కూర్చోలేదు. ఆవిడ పంతానికి ఆయన ఇల్లు రెండు ముక్కలైంది. దాన్ని కలపడానికి నీ సంతకం అడిగాను, నీ తీర్పు కాదు.

ఇంకో కాగితం పంపుతున్నాను. ఈసారి పెట్టు.

తమ్ముడు

ఈ ఉత్తరంలో తప్పులు దిద్దితే పోస్టు ఖర్చు దండగ.


ఫిబ్రవరి 27

ఒరేయ్,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ప్రెస్సుకి వెళ్ళలేదు. జాలితో కాదు, కోపంతో. అరవై ఒక్క ఏళ్ళు వచ్చినా మెట్ల మీదే కూర్చుని ఉన్నావు.

నీకు తెలియదు, ఎందుకంటే అప్పటికి నువ్వు నాలుగేళ్ళవాడివి. అమ్మ మొట్టమొదట కూర్చోబెట్టింది నిన్నే. ఏడాది పాటు, రోజూ. అప్పటికింకా గోడ లేదు. నువ్వు అంతకంతకీ ఎక్కువ ఇరుక్కునేవాడివి. చివరికి ఆవిడ వచ్చి ఎదురుగా కూర్చుంటే చాలు, నోరు తెరవడమే మానేశావు. పక్కింటి పిల్లలతో మాట్లాడేవాడివి, అమ్మతో మాట్లాడేవాడివి కాదు. తనకి పని నేర్పిన పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. "నువ్వు తల్లివి, టీచరువి కాదు. వీడి నోటి జోలికి పోకు. వీడు నీ మొహంలో దిగులు చదువుతున్నాడు" అన్నాడాయన. నేను పక్కనే ఉన్నాను.

భోజనాల దగ్గర విసుక్కునేది, నిజమే. దిగులు కనబడకూడదంటే విసుగు ఒక్కటే చేతనైంది పాపం.

గోడ కట్టేటప్పుడు మేస్త్రీకి నా ఎదురుగానే చెప్పింది, పైన తొమ్మిది అంగుళాలు వదిలెయ్యమని. నీ టేపమ్మ కొలిచే ఉంటుంది, అడుగు. గోడ కప్పుని తాకదు. ఎందుకనుకున్నావు? "వాడు మెట్ల మీద కూర్చుని వింటాడు. మొహం కనబడకుండా గొంతు వినబడాలి" అంది. ఇరవై రెండేళ్ళు తలుపు మూసుకుని గట్టిగా పాఠం చెప్పింది. లోపలున్న పిల్లలకి అంత గట్టిగా చెప్పాల్సిన పని లేదు.

ఇది నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. చెబితే నువ్వు వినడం మానేస్తావట. ఒట్టు తీసి గట్టున పెట్టాను. ఇప్పుడు కూల్చు, చూస్తాను.

సంతకం లేని కాగితం వెనక్కి పంపుతున్నాను.

అక్క


మార్చి 21

తమ్ముడికి,

మూడు వారాలు దాటింది. రోజూ మధ్యాహ్నం పోస్టు వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడి మెడ నొప్పి వచ్చింది. కరెంటు బిల్లు, ప్రెస్సు కవర్లు, ఎవరిదో పెళ్ళిపిలుపు. నీ దగ్గర్నుంచి ముక్క లేదు.

నీ మౌనం నాకు కొత్తా? చిన్నప్పుడు నీ దగ్గర్నుంచి చప్పుడు లేదంటే ఏదో ఒకటి విరిచి దాచావని అర్థం. గోడ కూల్చేశావు, లేదా రేపో మాపో కూలుస్తావు. నేను సంతకం పెట్టనిదే పని మొదలుపెట్టి ఉంటావు.

అందుకని నిన్న మీ మునిసిపాలిటీకి అభ్యంతరం రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. ఉమ్మడి ఇంట్లో నా అనుమతి లేకుండా పని జరుగుతోందని, తక్షణం ఆపమని. కొట్టివేతలు లేకుండా, శుభ్రంగా రాశాను. ఆ ఆఫీసులో అంత శుద్ధంగా రాసిన కాగితం వాళ్ళు ఎన్నడూ చూసి ఉండరు.

నువ్వు తిట్టుకుంటావు. తిట్టుకో. మౌనంగా కాకుండా రాసి తిట్టు.

అక్క


మార్చి 22

అక్కకి,

ఆలస్యమైంది. కారణం చెబుతాను.

నీ ఉత్తరం చదివి ముందు నమ్మలేదు. కథ అల్లావనుకున్నాను. వాక్యాలు కూర్చడం నీకు వచ్చిన విద్యే. నిచ్చెన వేసుకుని ఎక్కి చూశాను. ఖాళీ ఉంది. అది నాకు ఎప్పుడూ తెలుసు. ఫ్యాను గాలికి వదిలారనుకునేవాణ్ణి. అటూ ఇటూ పోయే గాలికి ఒట్లూ కన్నీళ్ళూ తగిలించి రాసిందిలే అనుకుని నాలుగు రోజులు నీ మీద మండిపడ్డాను.

తరవాత టేపమ్మ వచ్చింది. నాన్న రేకు గొట్టాల్లోని ట్రేసింగు కాగితాలు తన ఆఫీసుకి తీసుకెళ్ళి ఒక్కొక్కటే ఆవిరి పట్టి విప్పుతోందిలే. పెళుసెక్కిపోయాయి, ఊదితే చిరుగుతాయి. పద్దెనిమిదో కాగితం తెచ్చి నా షాపులో కౌంటరు మీద పరిచింది. ఒక ముసలాయన పైవరస చదవడం ఆపేసి అదేమిటని తొంగి చూశాడు. అడ్డగోడ. నాన్న చేత్తో గీసింది. తలుపు ఎటు తెరుచుకోవాలో, ఇటుక ఎంత మందమో, అన్నీ. తేదీ కూడా వేశారు. పక్కన చిన్న అక్షరాలతో, "పైన తొమ్మిది అంగుళాలు వదలవలెను. ఇంటి యజమానురాలి కోరిక."

నాన్న ఆఫీసు భాషలో అమ్మని ఇంటి యజమానురాలని రాశారు. నాకు నవ్వు వచ్చింది, తరవాత షాపు తలుపు వేసేశాను.

ఆవిడ పంతానికి ఆయన ఓడిపోయారని యాభై ఏళ్ళకి పైగా అనుకున్నాను. ఆయనే గీసి ఇచ్చారన్నమాట. బల్ల పైకి మోసుకుపోవడం కూడా ఆ కాగితంలోనే ఉంది, పై అంతస్తులో బాణం గుర్తు వేసి. మరి నాకెవరూ ఎందుకు చెప్పలేదు? ముగ్గురూ కలిసి నా చుట్టూ ఒక ఏర్పాటు చేసుకుని, అందులో నన్ను ఏడుస్తూ కూర్చోనిచ్చారు. ఈ కోపం నాకు పోదు. నీ మీద మరీను. అమ్మ పోయాక కూడా నాలుగేళ్ళు దాచావు.

గోడ ఉంచుతున్నాను. పునరుద్ధరణలో (వత్తు పెట్టాను, చూసుకో) గోడ కూడా నాన్న గీసిందే కాబట్టి అది ఉండాల్సిందేనని టేపమ్మ కూడా అంది. కొత్త కాగితం పంపుతున్నాను, గోడ మాట లేకుండా. సంతకం పెట్టు.

ఎల్లుండి నుంచి పై స్లాబు పని. పాత సున్నం పొరంతా చెక్కేసి కొత్తగా వేయాలి. వానలు రాకముందే అయిపోవాలని మేస్త్రీ తొందర. అందుకే నీ సంతకం కోసం ఆగలేదు. తప్పే, ఆగితే ఈ ఏడు కూడా కారుతుంది.

తమ్ముడు


మార్చి 31

తమ్ముడూ,

నీ ఉత్తరం, నా ఉత్తరం దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నువ్వు ఇంకో వారం ముందు రాసి ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. ఇది ముందు చెప్పాలి, చెప్పాను.

నీది ఎనిమిదోసారి చదివాక మునిసిపాలిటీకి ఇంకో ఉత్తరం రాశాను, అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నానని. అదీ రిజిస్టరులోనే. కాబట్టి నీ పని ఆగి ఉన్నా ఒకట్రెండు రోజులకి మించదు. నువ్వు పంపిన కాగితం మీద సంతకం పెట్టి ఇందులో ఉంచాను. ఇంకేం కావాలి?

స్లాబు చెక్కుతున్న సంగతి మొదటి ఉత్తరంలో ఎందుకు రాయలేదు? కిటికీల చట్రాలకి ఒక పేరా రాశావు, ఇంటి నెత్తి మీద పనికి ఒక్క ముక్క లేదు. నాన్న ట్రేసింగు నాకూ చూపించమను. నకలు చాలు.

దాచానన్నావు. ఒట్టు వేశాను. అంతే.

ఇక్కడ మొన్నా నిన్నా ఎవడో ఆకతాయి ఫోన్ చేసి మాట్లాడకుండా ఊరుకుంటున్నాడు. ఊపిరి చప్పుడు మాత్రం వస్తోంది. "ఎవర్రా నువ్వు, నోట్లో ఏం పెట్టుకున్నావు?" అని నాలుగు దులిపి పెట్టేశాను. రెండోసారీ అంతే. విసుగెత్తి రిసీవరు పక్కన పడేశాను. భూగోళం అయిపోయింది, ఇప్పుడు నిఘంటువు. అ నుంచి మొదలుపెట్టాను, నేను పోయేలోగా క్ష చేరుతానో లేదో.

అక్క


ఏప్రిల్ 9

ఆకతాయి రాస్తున్న ఉత్తరం ఇది.

నీ అభ్యంతరం అందిన రోజు మధ్యాహ్నమే ఇన్‌స్పెక్టరు వచ్చి తలుపుకి కాగితం అంటించి పోయాడు. తదుపరి ఉత్తర్వు వరకు ఒక్క ఇటుక కదపరాదు. అప్పటికి రెండు రోజులుగా స్లాబు చెక్కేసి ఉంది, పైన పొరంటూ లేదు. మేస్త్రీ బతిమాలాడు, కనీసం కప్పి పోనివ్వమని. మనుషులెవరూ పైకి ఎక్కకూడదన్నాడు. టేపమ్మ వాడితో గంటసేపు వాదించి ఓడిపోయి కన్నీళ్ళు పెట్టుకుంది. మూడో రోజున వాన మొదలైంది. ఈ నెలలో వాన ఏమిటని జనం రోడ్ల మీద నవ్వుకున్నారు.

ఆఫీసుకి వెళ్ళాను. అభ్యంతరం చెప్పినావిడ స్వయంగా వచ్చి సంతకం పెడితేనే తీసేస్తామన్నారు. పోస్టులో వస్తే చెల్లదట. ఆ రూలు చెప్పించుకోవడానికి నేను మూడు మాటలు కాగితం మీద రాసి చూపించాల్సి వచ్చింది. గుమాస్తా నన్ను మూగవాణ్ణనుకుని చేతులతో సైగలు చేశాడు.

నీకు ఫోన్ చేస్తానని టేపమ్మ అంది. మా అక్క, నేనే చేస్తానన్నాను. నువ్వు రావాలి, రేపటి బస్సుకే రావాలి, అంతే చెప్పాల్సింది. అద్దం ముందు నిలబడి పదిసార్లు అనుకున్నాను. నువ్వు ఎత్తావు. "హలో" అన్నావు. అక్కా అనడానికి అ దగ్గర ఇరుక్కుపోయాను. అచ్చు అది! నత్తివాళ్ళకి హల్లులు కష్టమంటారు, నాకు నీ పేరే కష్టం. నువ్వు నోట్లో ఏం పెట్టుకున్నావన్నావు. మర్నాడు మళ్ళీ చేశాను. మళ్ళీ తిట్టావు. ఆ తరవాత టేపమ్మే చేసింది. గంట మోగలేదు. రిసీవరు పక్కన పడేశావుగా.

టార్పాలిన్ భుజాన వేసుకుని నేనే పైకెక్కాను, ఉత్తర్వు ఏమైనా కానీ అని. గాలికి అది నా చేతుల్లోంచి లేచిపోయి ఎదుటి వీధిలో పడింది. నాలుగు రోజులు నీళ్ళు స్లాబులోంచి పై అంతస్తుకి, అక్కణ్ణుంచి ఆ ఖాళీ మెట్ల మీదుగా జలపాతంలా మధ్య అంతస్తుకి. గోడ బీరువాల తలుపులు ఉబ్బి విల్లులా వంగాయి. నీళ్ళు గోడ మొదట్లో చేరి నిలిచాయి. పాత ఇటుక, పాత అడుసు. పైన కప్పుని పట్టుకుని లేని గోడ కదా. నడుం దగ్గర పొట్ట వచ్చింది, మర్నాటికి మెట్ల వైపు వాలింది. ఏ ఇన్‌స్పెక్టరైతే ఇటుక కదపొద్దన్నాడో వాడే వచ్చి చూసి, ప్రమాదకరం, ఇరవై నాలుగు గంటల్లో తొలగించవలెను అని ఇంకో కాగితం అంటించాడు.

మొన్న ఆరో తారీకున తీశారు. పూట కూడా పట్టలేదు. మేస్త్రీ ఒక్కో ఇటుకా చేత్తో దింపాడు, సుత్తి వాడలేదు. నేను మెట్ల మీద కూర్చున్నాను. నేను కూల్చాలనుకున్నప్పుడు నువ్వు ఆపావు. నేను ఉంచుతానన్నాక నువ్వే కూల్చావు. శుద్ధంగా, కొట్టివేతలు లేకుండా.

నువ్విక రావడం గోడ కోసం కాదు. పై కప్పు వేయాలంటే ఆ సంతకం ఇంకా కావాలి. నీ పోస్టు కాగితం వాళ్ళ దగ్గర చెల్లకుండా పడి ఉంది.


ఏప్రిల్ 15

ఇరవై రెండో తారీకు పొద్దున బస్సులో వస్తున్నాను. పదకొండుకి మునిసిపాలిటీ దగ్గర ఉంటాను. ఇంటికి వస్తానో రానో చెప్పలేను.

ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఎన్ని వేల పేజీలు దిద్దానో, ఇది నాకు రావడం లేదు.

అక్క


ఏప్రిల్ 30

తమ్ముడూ,

క్షేమంగా చేరాను. అడగలేదు గానీ చెబుతున్నాను.

ముందు తిట్లు కానివ్వు. అరవై ఏడేళ్ళ మనిషిని, అరవై మైళ్ళు బస్సులో కూలబడి వచ్చి, ఆ గుమాస్తా ముందు గంటన్నర నిలబడి సంతకం పెట్టినదాన్ని, చేతిలో సంచీ అయినా దించకముందే వీధిలోకి వెళ్ళగొట్టావు. ఆ టేపమ్మ చూస్తూ ఉంది. మేస్త్రీ చూస్తూ ఉన్నాడు. నాకింకా ఒళ్ళు మండుతోంది. ఇది నీకు ముందు తెలియాలి.

ఇంకోటి. మధ్య అంతస్తులోకి ఎక్కగానే ఆ చివర పెరటి కిటికీలోంచి వెలుతురు నేల మీదుగా నా పాదాల దాకా వచ్చింది. తడికి నేల ఎక్కడా ఉబ్బలేదు. ఇత్తడి పట్టీలు మెరుస్తున్నాయి. బాగుంది. ఈ ఒక్క మాట రాయడానికి నాకు పొద్దున్నుంచీ పట్టింది. నాన్న అనుకున్నది ఇదీ అని నాకు ఆ క్షణాన తెలిసింది, తెలిసినందుకు కోపం వచ్చింది. అందుకే నోటికొచ్చినట్టు మాట్లాడాను. వారం లోపల గోడ మళ్ళీ లేవాలన్నాను. అమ్మని చంపింది చాలదా, ఆనవాళ్ళు కూడా తుడిచేస్తావా అన్నాను. అమ్మని నువ్వు చంపలేదు. గోడని కూల్చింది నేను. రెండూ నాకు తెలుసు. తెలిసే అన్నాను.

అప్పుడు నువ్వు నా వైపు తిరిగావు. నీ దవడ బిగిసింది. కళ్ళు మూసుకున్నావు. బ దగ్గర ఆగిపోయావు. నువ్వేం అనబోతున్నావో నాకు తెలుసు. ఎప్పుడూ నాకు ముందే తెలుస్తుంది, అదే నా రోగం. ఆ మాట నా నాలుక చివర సిద్ధంగా ఉంది. నేను అందిస్తే నీకు ఆ బాధ తప్పేది, నేను నా అంతట నేనే వెళ్ళిపోయినట్టూ ఉండేది.

అందించలేదు. ఎందుకో తెలియదు. ఫోన్లో ఆ ఊపిరి చప్పుడు గుర్తొచ్చిందేమో. నిలబడ్డాను. మేస్త్రీ చేతిలో తాపీ ఆగింది. బయట ఒక బండి హారను కొట్టుకుంటూ పోయింది. నువ్వు ఊపిరి తీసుకున్నావు, మళ్ళీ మొదలుపెట్టావు, మళ్ళీ ఆగావు. నిమిషం పట్టిందో రెండు పట్టిందో. చివరికి మొత్తం అన్నావు. "బయటికి పో అక్కా. నా ఇంట్లోంచి బయటికి పో."

రెండు వాక్యాలు. ఒక్క అక్షరం నేను చేర్చలేదు.

వెళ్ళిపోయాను. బస్టాండులో మూడు గంటలు కూర్చున్నాను. అవమానంతో ఏడ్చానని నువ్వు అనుకుంటావు. అదీ ఉంది.

నువ్వు ఫోన్ చేసిన రెండు రోజులూ నేను తిట్టిన మాటలు నాకు గుర్తున్నాయి. వాటిని దిద్దడానికి ఏ సిరా లేదు. అంతకన్నా రాయలేను.

అక్క


మే 8

అక్కకి,

ఉత్తరం అందింది. దిద్దలేదు.

పై కప్పు నిన్నటికి పూర్తయింది. మూడు రోజులు నీళ్ళు నిలవగట్టి చూశారు, చుక్క కారలేదు. బీరువాల తలుపుల్లో నాలుగు పనికొచ్చాయి, రెండు కొత్తవి చేస్తున్నారు. వడ్రంగి పాత చెక్క పోలిక కోసం మూడు కలప అడితీలు తిరిగాడు.

గోడ కట్టను. ఇది నీకు కోపం తెప్పిస్తుంది, తెప్పించనీ. ట్రేసింగు ఉంది కదా, ఎప్పుడైనా కట్టొచ్చు అని టేపమ్మ అంటుంది. కట్టొచ్చు. నాకు అక్కర్లేదు. మెట్ల మీద నుంచి లోపల ఏమేముందో ఇప్పుడు అంతా కనబడుతోంది, చూడాలని ఉంది కొన్నాళ్ళు.

గోడ ఉన్నచోట నేల మీద అడ్డంగా ఒక చార మిగిలింది. యాభై ఏళ్ళకి పైగా ఎవరూ తొక్కలేదు కాబట్టి అక్కడ మొజాయిక్ తెల్లగా, గరుగ్గా ఉంది. మెషీను పెట్టి కలిపేస్తానన్నాడు పాలిషువాడు. వద్దన్నాను. టేపమ్మ కూడా వద్దంది. తలుపు ఉన్నచోట ఆ చార తెగిపోతుంది. పిల్లలు నడిచిన చోటు.

నిన్ను వెళ్ళగొట్టినందుకు క్షమాపణ చెప్పను. నువ్వు అన్నమాటలు ఎవరన్నా అలాగే చేసేవాణ్ణి. కానీ నువ్వు నిలబడ్డావని నేనూ చూశాను. కళ్ళు మూసుకున్నా చూశాను. నా వాక్యం నీ ముందు నేనే పూర్తి చేసుకోవడం అదే మొదటిసారి, అది నిన్ను గెంటడానికి ఖర్చయిపోయింది. చిన్నప్పట్నుంచీ నీతో అనాల్సినవి ఇంకా ఉన్నాయి. వాటిలో కొన్ని నువ్వు అనుకుంటున్నవి కావు. ఊహించకు.

వాటిని రాయను. రాస్తే దిద్దుతావు.

ఈ ఆదివారం పొద్దున పదింటికి ఫోన్ చేస్తాను. రిసీవరు దాని చోట పెట్టి ఉంచు. ఎత్తు. ఎవరని అడగొద్దు. నోట్లో ఏం పెట్టుకున్నానో అడగొద్దు. నిఘంటువు మూసేసి, కుర్చీ లాక్కుని కూర్చో, ఎంతసేపైనా. ఈసారి పెట్టేస్తే మాత్రం మళ్ళీ జన్మలో చేయను.

తమ్ముడు